ఖాళీ పరీక్ష

మా బావకి చెవుల మీద నమ్మకం లేదు. ముప్పై రెండేళ్ళు చెవుల మీదే బతికిన మనిషి గురించి ఈ మాట అంటే నవ్వొస్తుంది గానీ, నిజం అదే. ఆస్పత్రి మూడో అంతస్తులో, మెట్ల పక్కన, వినికిడి పరీక్షల గది ఆయనది. డాక్టరేమీ కాదు. డాక్టరు చీటీ రాసి పంపిన మనిషికి ఏ చెవి ఎంత వినిపిస్తోందో కొలిచి, కాగితం మీద గ్రాఫ్ గీసి ఇవ్వడం ఆయన పని. మా వీధిలో అందరూ ఆయన్ని చెవుల మాస్టారు అనేవారు. నేను మరదల్ని కాబట్టి ఇంకా చాలా అనేదాన్ని.

ఆ గదిలో ఇంకో చిన్న గది ఉండేది. దాని గోడలకీ, తలుపుకీ, ఆఖరికి పైకప్పుకీ బూడిద రంగు స్పాంజి దిట్టంగా అతికించారు. లోపల ఒక కుర్చీ, ఒక జత హెడ్‌ఫోన్లు, వైరుకి వేలాడే ఒక బటన్. తలుపు మూస్తే బయట లోకం ఉందో మునిగిందో తెలియదు. రెండు పొరల గాజు కిటికీకి ఇవతల బావ మిషను ముందు కూర్చుని లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా, గట్టిగా మొదలుపెట్టి మెల్లమెల్లగా తగ్గిస్తూ ఒక్కొక్కటే పంపేవాడు. వినిపిస్తే లోపలివాళ్ళు బటన్ నొక్కాలి. నొక్కిన చోట కాగితం మీద చుక్క. చుక్కలన్నీ కలిపితే ఆ మనిషి చెవి.

"నాకు వినిపించేదీ నీకు వినిపించేదీ ఒకటేనంటావా బావా?" అని ఒకసారి అడిగాను. ఊరికే, ఆయన్ని కదపడానికి.

"ఏమో. నాకు దాంతో పని లేదు. నొక్కావా, నొక్కలేదా, అంతే. మిగతాదంతా నీ గొడవ."

ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మిల్లు కార్మికులు. యంత్రాల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసి నిజంగానే చెవులు పోగొట్టుకున్నవాళ్ళు కొందరు. చెవి పోయిందని రాయించుకుంటే గోడౌన్‌లో తేలిక పనికి మారుస్తారని వచ్చేవాళ్ళు ఇంకొందరు. ఈ రెండో రకాన్ని పట్టుకోవడంలో బావని మించినవాడు లేడు. హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి పేపరిచ్చి పైకి చదవమనేవాడు. చదువుతుండగా చెవుల్లోకి హోరు వదిలేవాడు. నిజంగా వినపడనివాడు అదే గొంతుతో చదువుకుంటూ పోతాడు. వినపడేవాడు తనకి తెలియకుండానే గొంతు పెంచేస్తాడు. దొరికిపోయినవాళ్ళని ఎన్నడూ తిట్టలేదాయన. పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపేవాడు. కానీ గాజు కిటికీలోంచి వాళ్ళని ఒక చూపు చూసేవాడు. కోపం కాదు, వెటకారం కాదు. ఎదుట ఉన్నది మనిషి కాదు, ఇంకా విప్పని పొట్లం అన్నట్టు ఉండేది ఆ చూపు.

అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైనది ఖాళీ పరీక్ష. చెవిలో మోత మోగుతోందని కొందరు చెబుతారు. బయట ఏ శబ్దమూ లేకుండా, రాత్రీ పగలూ, ఒకటే మోత. నిజంగా ఉన్నవాళ్ళు బోలెడు మంది. కానీ దాన్ని ఏ మిషనూ పట్టుకోలేదు, అందుకని దొంగలందరికీ అదే ఆధారం. అలాంటివాడిని కూర్చోబెట్టి, "ఇప్పుడు నీ మోతని మింగేసే శబ్దం పంపుతున్నా, ఎలా ఉందో చెప్పు" అనేవాడు. పంపేది ఏమీ లేదు. మీట సున్నా దగ్గరే ఉండేది. "హమ్మయ్య, సగానికి సగం తగ్గింది సార్" అనేవాడు లోపలివాడు. భోజనాల దగ్గర బావ ఆ గొంతులన్నీ దింపేస్తుంటే మా అక్క నవ్వీ నవ్వీ పొలమారి, కళ్ళ నీళ్ళు తుడుచుకునేది. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"గ్రాఫ్‌లో గుంట ఉండి మోత ఉందంటే నమ్ముతా" అనేవాడు బావ. "గీత చక్కగా ఉండి మోత ఉందంటే, అది చెవి కాదు, కథ."

మా అక్కకి నలభై ఏడో ఏట వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గిన మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎక్కడో సన్నగా ఏదో మోగుతోందని ఫ్రిజ్ ఆపేసింది. తగ్గలేదు. ఫ్యాను ఆపింది. మెయిన్ స్విచ్ ఆపింది. కుళాయిలన్నీ బిగించింది. డాబా ఎక్కి చుట్టూ చూసి, పక్కింటావిణ్ణి బతిమాలి వాళ్ళ మోటారు కూడా ఆపించింది. ఆవిడ నేను నడిపే బట్టల దుకాణానికి వచ్చి, "మీ అక్కయ్యకి ఏమైనా అయిందేమో చూడండి" అని చెప్పి వెళ్ళింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి అక్క వంటింటి గుమ్మంలో రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది.

"మూసుకుంటే ఇంకా పెద్దదవుతోందే" అంది. "ఇది ఇంట్లో లేదు. నా తలలో ఉంది."

ఎలా ఉందని అడిగితే, కుక్కర్ కూత వేసే ముందు సన్నగా ఆవిరి పోతుంది చూడు, ఆ ఆవిరి అలాగే ఉండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది, కూత మాత్రం రాదు, అంది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నాక బావకి చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. "ఏమండీ, నా తలలో ఏదో మోగుతోంది" అని, చిన్నపిల్ల దెబ్బ చూపించినట్టు చెప్పింది. బావ తినడం ఆపలేదు. "నీరసం. పోతుందిలే" అన్నాడు. పది రోజులైనా పోలేదు. అక్క నిద్ర పోవడం మానేసింది. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ మాటల వెనక ఇంకేదో వింటున్నట్టు ఒక క్షణం ఆలస్యంగా జవాబు చెప్పేది. అప్పుడిక ఒక ఆదివారం, విభాగానికి సెలవు రోజున, బావ తాళం చెవులు తీసుకుని మా ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అక్కని లోపల కూర్చోబెట్టి తలుపు వేశాడు. నేను బావ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. చుక్కలు పడ్డాయి. గీత తిన్నగా వచ్చింది.

"ఇరవై ఏళ్ళ పిల్ల చెవులు" అన్నాడు నాతో. తర్వాత మైకులో, చాలా మెత్తగా, "ఇప్పుడొక శబ్దం పంపుతున్నా. నీ మోత తగ్గాలి. ఎలా ఉందో చెప్పు" అన్నాడు.

నేను మీట వైపు చూశాను. సున్నా దగ్గర ఉంది. నోరు తెరవబోయాను. బావ నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపాడు. ఆగిపోయాను. ఎందుకాగానో ఇప్పటికీ తెలియదు. బహుశా నాకూ తెలుసుకోవాలని ఉందేమో.

అక్క కళ్ళు మూసుకుంది. పది రోజులుగా బిగుసుకుపోయిన భుజాలు కొంచెం దిగాయి. "తగ్గిందండీ" అంది. "కొంచెం తగ్గినట్టే ఉంది."

బావ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తలుపు తీసి, నవ్వుతూ, నిజంగా శుభవార్త చెబుతున్నట్టు చెప్పాడు. "చూశావా, నేనేమీ పంపలేదు. నీ చెవుల్లో ఏమీ లేదు. ఊరికే భయపడుతున్నావు."

అక్క హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ పరీక్ష పేరు, ఎవరికి పెడతారో, దొరికిన తర్వాత ఇంటికొచ్చి ఎలా చెప్పుకుంటారో అన్నీ తనకి తెలుసు. "నామీద దొంగల పరీక్ష పెట్టారా?" అంది. అంతే. గట్టిగా కూడా అనలేదు.

ఆయన్ని పట్టుకుని ఆ సాయంత్రం నేను గొడవపడ్డాను. "లేదంటావేంటి బావా? అక్క అబద్ధం చెబుతోందంటావా?"

"అబద్ధం కాదు. భ్రమ. శబ్దం అంటే గాలి కదలాలి. గాలి కదల్లేదు, చెవి పాడవలేదు. ఇంక మోగేది ఏమిటి?"

"పన్ను నొప్పెడితే ఏ గాలి కదులుతుందో?"

"పంటిలో పుచ్చు ఉంటుంది. అద్దం పెట్టి చూపిస్తారు."

"చూపించేది పుచ్చుని. నొప్పినా? నీ పంటి నొప్పి ఎవరైనా చూశారా ఇంతవరకూ? నొప్పి అన్నావు, పాపం అన్నాం. అంతేగా."

జవాబు లేనప్పుడు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటాడు. తుడుచుకుని, "దాని మోత తగ్గిందంది కదా, నేనేమీ పంపకుండానే. దానికేమంటావ్?" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కినా, నోరు మూసుకుని ఇంటికొచ్చేశాను.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. చెవి డాక్టరు మాత్రలు రాసిచ్చి, దాని మీద ధ్యాస పెట్టకమ్మా అన్నాడు. అక్క మోత సంగతి ఎత్తినప్పుడల్లా బావ వాదించేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. తలెత్తి ఆ చూపే చూసేవాడు. అంతే. ఒకరోజు పొద్దున్న అక్క కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "పోయిందండీ" అంది. "నిన్నటి నుంచీ లేదు."

బావ సంతోషం చూడాలి. కొత్త చెప్పులు కొనుక్కున్నవాడిలా వీధంతా తిరిగాడు. నాకు ఫోన్ చేసి, "నే చెప్పలా?" అన్నాడు. వెయ్యి అబద్ధాలు పట్టుకున్న మనిషి, ఇంట్లో కాఫీ గ్లాసుతో పాటు ఇచ్చిన అబద్ధాన్ని గటగటా తాగేశాడు.

నాకూ తెలియలేదు, ఒప్పుకోవాలి. నా బట్టల దుకాణం వాళ్ళింటికి రెండు వీధుల అవతల. స్కూలు యూనిఫారాలు కుట్టేవాళ్ళం. ఐదు కరెంటు మిషన్లు, ఐదుగురు ఆడవాళ్ళు. అక్క రోజూ మధ్యాహ్నం వచ్చి మిషన్ల మధ్య కూర్చుని గుండీలు కుట్టిపెట్టేది. కూతురికి పెళ్ళయి వెళ్ళిపోయింది, ఇంట్లో తోచక వస్తోందనుకున్నాను. చెల్లెలంటే ఎంత ప్రేమో అని నా దగ్గర పనిచేసేవాళ్ళు అనుకునేవారు. ఒకరోజు కరెంటు పోయింది. ఐదు మిషన్లూ ఒక్కసారి ఆగాయి. మేమంతా హాయిగా కాళ్ళు చాపుకుని కబుర్లలో పడ్డాం. అక్క సూది పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. బస్సులూ లారీలూ పోయే పెద్ద రోడ్డు అంచున నిలబడి ఉంది.

"పోలేదు కదూ?" అన్నాను.

"నీకెవరు చెప్పారు?" అని, మళ్ళీ తనే, "ఒక్క నిమిషం కూడా పోలేదే" అంది.

అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. "మోతని భరించగలను. మోత అన్నప్పుడల్లా ఆ మిల్లువాళ్ళని చూసినట్టు చూస్తారే నన్ను, దాన్ని భరించలేకపోయాను. ఇరవై ఆరేళ్ళు కలిసి ఉన్నాక, ఒక మాట చెబితే ఆ మనిషి నా ముఖంలో లొసుగు వెతుకుతుంటే, ఇక నేనెవర్నని?" అంది. ఖాళీ పరీక్షలో తగ్గిందని ఎందుకన్నావని అడిగాను. "నిజంగానే తగ్గింది. అన్ని రోజుల తర్వాత ఆయన గొంతు నా చెవుల్లో అంత మెత్తగా వినిపించింది. ఆయన ఏదో చేస్తున్నారు నాకోసం అనుకున్నాను. తగ్గింది. అది కూడా నేరమని నాకేం తెలుసు?"

రోడ్డు పక్కన నిలబడి ఇద్దరం ఏడ్చాం. బావకి చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. ఏడేళ్ళు ఆ ఒట్టు నిలబెట్టాను. ఏడేళ్ళూ అక్క చలికాలంలో కూడా ఫ్యాను వేసుకునే పడుకుంది. బావకి జలుబు చేసేది గానీ, ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

బావ పదవీ విరమణకి విభాగంలో చిన్న సభ పెట్టారు. అది శుక్రవారం. గోడ గడియారం ఇచ్చారు, నాలుగు మంచి మాటలన్నారు. బావ లేచి మాట్లాడాడు. ఎప్పుడూ పొడిపొడిగా మాట్లాడే మనిషికి ఆ రోజు ఉత్సాహం వచ్చింది. "మా ఇంట్లోనే ఒకావిడకి చెవిలో మోత వచ్చింది. మందుల్లేవు, మాకుల్లేవు. గ్రాఫ్ తీసి చూపించాను, ఇదిగో నీ చెవి, ఏమీ లేదు అని. మోత పారిపోయింది. ఉన్నదేదో లేనిదేదో చూపిస్తే చాలు, రోగం సగం పోతుంది" అన్నాడు. అందరూ మొదటి వరసలో ఉన్న అక్క వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. అక్క నవ్వింది.

సభ అయ్యాక వరండాలో బావని ఆపాను. అక్క లోపల ఎవరితోనో మాట్లాడుతోంది. "పోలేదు బావా" అన్నాను. "ఒక్కరోజు కూడా పోలేదు. నీ చూపు తప్పించుకోవడానికి పోయిందని చెప్పింది."

బావ గడియారం పెట్టె రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "ఎవరు చెప్పారు?" అన్నాడు. ఆ తర్వాత, "ఏడేళ్ళా?" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు.

శనివారం ఆయన అక్కతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నేను చెప్పేశానని అక్కకి తెలిసిపోయిందని మాత్రం తెలుసు, ఎందుకంటే నా ఫోన్ ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే తనే ఫోన్ చేసి, "మీ బావ ఆస్పత్రికి రమ్మంటున్నారు. నువ్వూ రా" అంది. కోపంగా లేదు, ప్రేమగా లేదు. తాళం చెవులు ఇంకా ఒక్కరోజు బావ దగ్గరే ఉంటాయి.

మళ్ళీ అదే గది, అదే కుర్చీ. ఈసారి బావ మీటలన్నీ అక్కకి చూపించాడు. "శబ్దాలు ఒక్కొక్కటే పంపుతాను. నీ మోతలాంటిది వచ్చినప్పుడు నొక్కు. అదేదో నేనూ వింటాను" అన్నాడు. ఆ పరీక్ష మిషన్లో ఎప్పటి నుంచో ఉందట. అబద్ధాలకోరుని నీ అబద్ధం ఏ రంగో ఎంచుకో అన్నట్టుంటుందని బావ దాన్ని ఎన్నడూ వాడలేదు.

లావు శబ్దం నుంచి మొదలుపెట్టాడు. ఆయన చెవులకీ ఒక జత హెడ్‌ఫోన్లు. ప్రతి శబ్దం దగ్గరా ఆగి, గాజులోంచి అక్క ముఖం చూసి, మళ్ళీ ముందుకి వెళ్ళేవాడు. అక్క బటన్ ఒళ్ళో పెట్టుకుని, చేతులు దాని పక్కన పెట్టుకుని కూర్చుంది. ఒక చోట, బాగా సన్న శబ్దాల దగ్గర, అక్క తల ఎత్తింది. నేను చూశాను. బావ కూడా చూసే ఉంటాడు. చెయ్యి కదల్లేదు. చివరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి పంపాడు. గంట గడిచింది. కాగితం మీద ఒక్క చుక్క లేదు.

బావ తలుపు తీశాడు. "ఏదీ కలవలేదా?"

"కలిసింది."

"మరి నొక్కలేదేం?"

"నొక్కితే ఏం చేస్తారు?"

"నమ్ముతాను."

"చుక్క పడితే నమ్ముతారు" అంది అక్క. "ఆ రోజు బల్ల దగ్గర మీతో చెప్పినప్పుడు చుక్క లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను."

బావ లోపలికి వచ్చి, అక్క కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మోకాళ్ళు, ఒక చేత్తో గోడ పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. "ఇప్పుడూ చుక్క లేదు కదా" అన్నాడు. "నువ్వు నొక్కలేదు. అయినా నమ్ముతున్నా. నీ తలలో అది మోగుతోంది. ఏడేళ్ళూ మోగింది. నమ్ముతున్నా."

అక్క వంగి ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కళ్ళు, నుదురు, పెదవుల చివరలు, ఏదీ వదలకుండా.

"మీరు నమ్ముతున్నారని నాకెలా తెలుస్తుందండీ?" అంది.

దెప్పిపొడవడానికి అనలేదు. తెలియక అడిగింది. బావ చెయ్యెత్తి గుండె మీద పెట్టుకోబోయి, అదీ పనికిరాదని తోచిందేమో, దించేశాడు.

ఆయన నిజంగానే నమ్మాడు. ఇవతల నుంచి చూస్తున్న నాకు తెలుసు, ఎలా తెలుసంటే చెప్పలేను గానీ తెలుసు. అక్కతో ఆ మాట అందామని గుమ్మం దాకా వెళ్ళాను. అక్క తలెత్తి నన్ను చూసింది. ఒట్టు వేసి చెప్పేసినదాన్ని. నా మాట మాత్రం ఎందుకు నమ్ముతుంది?